గొంతువాపు శస్త్రచికిత్సయు, అటుపిమ్మటి పరామర్శయు
(మన సంఘ వార్షిక మహాసభ రెండవనాటి ఆరోగ్యగోష్ఠియందలి ఉపన్యాసపాఠము)

  

 నేను వక్తను గాను. మెడలోని వాపులను, గడ్డలను కోయుటయే వృత్తిగా గల శస్త్రవైద్యుడను. కావున నా మాటలయందు అలంకారముల నాశింపక విషయమును మాత్రము పరికింపవలెనని ప్రార్థన.

విద్యార్థి వసతిగృహమును నిర్మించినపుడును, పేదబిడ్డలకు విద్యార్థివేతనముల నేర్పరచినపుడును మన పెద్దలు ఒక సూత్రమును పాటించిరి. బిడ్డను బడిలో చేర్చుటతో మన పని తీరదు. వాడు చదువు ముగించి తన కాళ్లపై నిలుచువరకు మనము వెంట నుండవలెను. విద్యావిషయమున ఈ సూత్రము మనకు కంఠపాఠము. వైద్యవిషయమున దానిని మరచితిమి. మనవారిలో నెవరికైన శస్త్రచికిత్స యవసరమైనచో చందాలు వేసికొని పట్టణమునకు పంపుదుము. కుట్లు విప్పిన దినమున శుభమని నిట్టూర్పు విడుతుము. అటుపిమ్మట ఆ రోగి యేమయ్యెనో అడుగువారు లేరు. నేడు నేను చెప్పదలచినదంతయు ఈ అటుపిమ్మటి కాలమునుగూర్చియే.

మెడ ముందుభాగమున, కంఠమణికి దిగువను, శ్వాసనాళమునకు ఇరుప్రక్కల సీతాకోకచిలుక రెక్కలవలె నొక గ్రంథి కలదు. పాఠ్యపుస్తకములవారు దీనిని అవటుగ్రంథి యందురు. వైద్యశాలలో నందరును థైరాయిడ్ అనియే వాడుదురు. దీని తూకము ఇంచుమించు రెండు తులములు. ఇంత చిన్న గ్రంథి యూర్చు రసము రక్తమున గలిసి దేహమునందలి ప్రతి యవయవమునకును పనివేగమును నిర్ణయించును. గుండె కొట్టుకొనుట, ఒంటివేడి, బుద్ధి చురుకుదనము, గర్భస్థశిశువు మెదడు పెరుగుదల, ఇవియన్నియు దీనిపై నాధారపడియున్నవి. ఈ రసమునకు అయోడిన్ ముడిసరకు. ఆహారమున నది చాలనిచో గ్రంథి తన పనికై తానే పెరిగి మెడ వాచును. మన ప్రాచీన వైద్యులు గళగండమని పేరిడినది ఈ వాపునకే.

ఈ సందర్భమున నొక తెలుగువానిని స్మరింపకుండుట కృతఘ్నత యగును. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలయందు చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు, 1956 మొదలుకొని హిమాలయ పాదమునందలి కాంగ్రాలోయలో సహచరులతో గూడి పరిశోధన సలిపిరి. ఆ ప్రాంతమును మండలములుగా విభజించి, కొన్నింట అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానియందు మామూలు ఉప్పును పంచి చూచిరి. కొన్ని సంవత్సరములకు అయోడిన్ ఉప్పు తినిన మండలములలో మెడవాపులు స్పష్టముగ తగ్గెను. ఆ ఫలితము పునాదిగా 1962లో భారతప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకము నారంభించెను. నేడు మన యిండ్ల ఉప్పుపొట్లముపై అయోడిన్ అను మాట కనబడుచున్నదనిన, దాని వెనుక ఆ మహనీయుని శ్రమ కలదు.

ఉప్పు మారినంతమాత్రమున మెడవాపులు మాయము గాలేదు. గ్రంథిలో కణుతులు పుట్టుట, దేహరక్షణశక్తియే పొరబడి గ్రంథిని బాధించుట, అరుదుగ క్యాన్సరు కలుగుట మొదలగు కారణములు వేరుగ నున్నవి. కావున మెడ వాచినదని తెలిసినపుడు చేయవలసినది మూడు మెట్లు. మొదటిది, గ్రంథి పనితీరును తెలుపు రక్తపరీక్ష. రెండవది, ధ్వనితరంగములతో తీయు స్కాను. మూడవది, ఆ స్కానులో అనుమానము కలిగినచో సన్నని సూదితో నాలుగు కణములను తీసి చూచుట. సూది గుచ్చినచో గడ్డ చెడునని, క్యాన్సరు ప్రాకునని మన యాడువారిలో నొక భయము కలదు. అది నిరాధారము. థైరాయిడ్ కణుతులలో అత్యధికభాగము క్యాన్సరు కానివే. వాటిలో పెక్కింటిని కోయనక్కరయే లేదు. అప్పుడప్పుడు చూచుచుండిన చాలును.

కోయవలసినది ఎప్పుడనగా: వాపు శ్వాసనాళమును గాని అన్నవాహికను గాని నొక్కునపుడు, సూదిపరీక్షలో క్యాన్సరు తేలినపుడు లేక గట్టి యనుమానము కలిగినపుడు, గ్రంథి మితిమీరి పనిచేయుచు మందులకు లొంగనపుడు. అట్టి సమయమున పసరుకట్లు కట్టుచు, వాతలు పెట్టించుచు కాలము వృథాచేయరాదు. చర్మము కాలిన మెడపై కత్తి పెట్టుట వైద్యునికి కష్టము, రోగికి మరియు కష్టము.

ఇక శస్త్రచికిత్సనుగూర్చి. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున మెడవాపును కోయుటనిన ప్రఖ్యాతవైద్యులే వెనుకాడుచుండిరి. రక్తస్రావముచేతను, గాయము చీముపట్టుటచేతను రోగులు మరణించుచుండిరి. స్విట్జర్లాండునందు గళగండము మెండు. ఆ దేశపు బెర్న్ నగరమున థియోడర్ కోఖర్ అను ఆచార్యుడు గాయశుద్ధిని, రక్తనాళములను ఓర్పుతో ముడివేయుటను నేర్చి ఈ చికిత్సను సురక్షిత మొనర్చెను. తన జీవితమున నతడు ఐదువేలకు మించి ఇట్టి శస్త్రచికిత్సలు చేసెననియు, చివరికి మరణములు నూటికి ఒకటికంటెను తగ్గెననియు చరిత్ర చెప్పుచున్నది. 1909లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

కాని సోదరులారా, నేను కోఖరును మీకు పరిచయము చేయుట ఆయన హస్తకౌశలమును పొగడుటకు గాదు. 1874లో ఆయన పదునొకండేండ్ల బాలికకు మెడవాపు తీసివేసెను. గ్రంథిని పూర్తిగ తొలగించెను. గాయము చక్కగ మానెను. బాలిక యింటికి పోయెను. కొంతకాలమునకు ఆమె యూరి వైద్యుడు, ఆ పిల్ల పూర్వమువలె లేదు, మందబుద్ధియై మారిపోయినదని తెలియజేసెను.  1882లో జెనీవా వైద్యుడు రెవర్దాఁ తన రోగులలోను ఇట్టి మార్పులను చూచితినని చెప్పగా, కోఖరు మనసున ముల్లు గుచ్చుకొనినట్లయ్యెను. వెంటనే తాను పూర్వము చికిత్సచేసిన వారినందరిని తిరిగి రమ్మని పిలిపించెను.

వారు వచ్చిరి. ఒకప్పుడు తన చెల్లెలితో పోల్చుకొన వీలులేనంత పోలికగా నుండిన ఆ బాలిక, ఇప్పుడు చెల్లెలు ఏపుగ నెదిగియుండగా తాను పొట్టిగను, ఉబ్బిన ముఖముతోను, మందగతితోను వచ్చి నిలిచెను. గ్రంథిని పూర్తిగ తీసివేసినవారిలో పునఃపరీక్షకు వచ్చిన 18 మందికిగాను 16 మందిలో ఇదే దుస్థితి. ఆయన చేతిలో కుట్టు చెదరలేదు, రక్తము పోలేదు, చీము పట్టలేదు. అయినను ఆ పదారుగురి జీవితములు క్షీణించెను. కోఖరు దీనిని దాచలేదు. 1883లో బెర్లినునందు శస్త్రవైద్యుల సభలో నిలిచి తన తప్పును తానే చెప్పుకొనెను. క్యాన్సరు కాని వాపునకు గ్రంథిని పూర్తిగ తీయుట నాటితో మానివేసెను. థైరాయిడ్ గ్రంథి దేహమున నేమి పనిచేయుచున్నదో లోకమునకు తెలిసినది చాలవరకు ఆ పిలుపుచేతనే. రోగులను తిరిగి పిలువనిచో ఆయన చేతులు గొప్పవని చెప్పుకొందుము గాని ఆ చేతులు చేసిన హాని యెవరికిని తెలియకుండెడిది.

అటుపిమ్మట 1891లో ఇంగ్లండున జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె గ్రంథినుండి తీసిన రసమును సూదిద్వారా నిచ్చి అట్టి రోగిని కోలుకొనజేసెను. 1914లో కెండాల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఆ రససారమును స్ఫటికరూపమున వేరుచేసెను. 1927లో దానిని ప్రయోగశాలయందే తయారుచేయు మార్గము లండనునందు హారింగ్టన్ ప్రభృతులు కనుగొనిరి. నేడు మనకు దొరకు చిన్న తెల్లని మాత్ర ఆ పరంపరలోనిదే. దీని వెల స్వల్పము. గ్రంథి లేనివారు ఆజన్మాంతము ఆరోగ్యముగ జీవించుటకు ఇది చాలును. ఒక్కటే నియమము: మానరాదు.

ఇచ్చట నా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. మా మేనత్తకు మెడవాపు పెరిగి మ్రింగుట కష్టముకాగా, పట్టణమున శస్త్రచికిత్స జరిగెను. గ్రంథిలో అధికభాగమును తీసివేసిరి. చికిత్స చేసిన వైద్యుడు సమర్థుడు. గాయపుగీత నేడు వెదకినను కనబడదు. ఏడాదిపాటు ఆమె మాత్ర వేసికొనెను. పునఃపరీక్షకు పోవలెననిన ఇద్దరికి రానుపోను ఖర్చు, రెండుదినముల కూలినష్టము, పట్టణమున రాత్రి తలదాచుకొనుటకు చోటు లేకుండుట. అంతలో ఎవరో, వాపు పోయెను గదా, ఇంకను మాత్ర లెందులకనిరి. ఆమె మానెను. మిగిలిన కొంచెపు గ్రంథి కొంతకాలము నెట్టుకొని వచ్చెను. పిమ్మట మెల్లమెల్లగా ఆమె మారెను. ముఖము ఉబ్బెను, గొంతు బొంగురుపోయెను, వేసవిలోను దుప్పటి కప్పుకొనెను, మాట మందగించెను. ఇంటివారు సోమరితన మనుకొనిరి. ఇరుగుపొరుగువారు గాలిసోకిన దనిరి. తాయెత్తులు కట్టిరి. నాలుగేండ్లు ఆమె ఒక చీకటిగదిలో గోడవైపు తిరిగి పండుకొనెను.

ఆ నాలుగేండ్లలో నేను నాలుగుమార్లు పండుగకు ఆ యింటికి పోతిని. థైరాయిడు వైద్యుడనై యుండియు, ఆమె పెద్దదగుచున్నది గాబోలునని తలంచి వచ్చితిని. ఐదవయేట ఆమె చేయి పట్టుకొని నాడి చూచినపుడు గాని నాకు కనులు తెరువబడలేదు. మాత్ర మరల నారంభించిన కొన్ని మాసములకు ఆమె లేచి తిరుగుచు వంటయింటి పెత్తనము తిరిగి పుచ్చుకొనెను. ఒకనాడు వడ్డించుచు నాతో నన్నమాట మీముందు పెట్టుచున్నాను. "ఏరా అబ్బాయీ, పండక్కి వచ్చి నా ఇంట్లో తిని వెళ్లేవాడివి. మాత్ర వేసుకుంటున్నావా అత్తా అని ఒక్కనాడైనా అడిగావుట్రా?" అన్నది. నేను సమాధానము చెప్పలేకపోతిని. నేడును చెప్పలేను. ఈ యుపన్యాసమే దానికి నేనీయగల సమాధానము.

కావున ఈ శస్త్రచికిత్స చేసికొన్నవారును, వారి యింటివారును జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులను క్లుప్తముగ చెప్పెదను. వైద్యుడు మాత్ర వ్రాసియిచ్చినచో దానిని ఉదయమున పరగడుపున మంచినీటితో వేసికొని, అరగంట మొదలు గంటవరకు కాఫీగాని ఫలహారముగాని ముట్టరాదు. సున్నపు మాత్రలను, ఇనుప మాత్రలను దీనికి నాలుగు గంటల యెడముగ వేసికొనవలెను. కలిపి వేసికొన్నచో ఇది ఒంటికి పట్టదు. మోతాదు మార్చినపుడు ఆరు మొదలు ఎనిమిది వారముల పిమ్మట రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాత్ర వేసికొనుచున్న ఇల్లాలు గర్భవతి యని తెలిసిన దినముననే వైద్యునికి తెలుపవలెను. సాధారణముగ మోతాదు పెంపవలసివచ్చును. గర్భముకొరకు మాత్ర మానుట తల్లికిని బిడ్డకును ద్రోహము.

ఈ గ్రంథి వెనుక గోధుమగింజలంత చిన్నవి మరి నాలుగు గ్రంథులు సాధారణముగ నుండును. అవి రక్తమునందలి సున్నమును కాపాడును. శస్త్రచికిత్సలో వాటికి దెబ్బ తగిలినచో పెదవుల చుట్టును, వ్రేళ్ల కొసలను చీమలు ప్రాకినట్లు తిమ్మిరి, కండరములు పట్టుకొనుట కలుగును. అట్లే స్వరమును నడుపు నరములు గ్రంథిని రాచుకొని పోవును. వాటికి బాధ కలిగిన గొంతు బొంగురుపోవును. ఈ రెండును అనేకులలో తాత్కాలికములు. కాని తిమ్మిరి, పట్లు కనబడినచో ఆనాడే వైద్యునికి చెప్పవలెను. శస్త్రచికిత్స జరిగిన తొలిదినములలో మెడ బిగిసి ఉబ్బి ఊపిరి యాడనిచో, అది ఎవరితోను ఫోనులో మాటలాడు సమయము గాదు; నిమిషమైన ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఇక క్యాన్సరునుగూర్చి. ఆ పేరు వినగానే మన యిండ్లలో దీపము మలిగినట్లగును. థైరాయిడ్ క్యాన్సరులలో మిక్కిలి తరచుగ వచ్చు జాతి, తగిన చికిత్స జరిగినచో చాలవరకు నయమగునది. శస్త్రచికిత్స పిమ్మట అవసరమైన కొందరికి కిరణములు వెదజల్లు అయోడిన్ నిత్తురు. దాని శక్తి ఎనిమిది దినముల కొకసారి సగమగుచు క్షీణించును. వైద్యుడు చెప్పిన దినములు మాత్రము పసిపిల్లలకును, గర్భవతులకును దూరముగ నుండిన చాలును. ఆ గడువు దాటిన తరువాతను కంచము వేరు, మంచము వేరు చేసి ఏండ్లకొలది దూరముంచుట అజ్ఞానము. క్యాన్సరు అంటువ్యాధి కాదు. ఒక కంచమున తినుటచేత రాదు, ఒక పడకపై నిద్రించుటచేత రాదు.

నయమైన దన్నంతమాత్రమున లెక్క ముగియలేదు. ఈ క్యాన్సరు పది, ఇరువది యేండ్ల తరువాతను తలయెత్తవచ్చును. అందుచే నియమితకాలమున రక్తపరీక్షలు, మెడ స్కాను చేయించుకొనుచుండవలెను. రొమ్ముక్యాన్సరు నయమైన వారికి మొదటి మూడేండ్లు మూడు మొదలు ఆరు మాసముల కొకసారి పరీక్ష, ఏటేట రొమ్ము ఎక్సురే అవసరము. నోటిక్యాన్సరు తిరిగి వచ్చినచో అధికముగ మొదటి రెండేండ్లలోనే వచ్చును. శ్రీకాకుళ, విశాఖ తీరగ్రామములలో చుట్ట నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు ఆచారము స్త్రీలలో కలదు. అంగిలి క్యాన్సరునకు అది కారణము. చికిత్స పొంది వచ్చి మరల చుట్ట ముట్టించువారికి హితము చెప్పుటయు పరామర్శలో భాగమే.

ఇన్నిమార్లు పట్టణమునకు పోవుట ఎట్లని మీరడుగుదురు. ప్రతిమారు పోనక్కరలేదు. 2000 సంవత్సరమున చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున దూరవైద్యకేంద్రము వెలసెను. పల్లెలోని రోగిని దూరపట్టణపు నిపుణుడు తెరపై చూచి సలహా చెప్పుట మన దేశమున గ్రామసీమలలో నారంభమైనది అచ్చటనే. తరువాతి సంవత్సరములలో తిరువనంతపుర ప్రాంతీయ క్యాన్సరు కేంద్రమువారు కేరళ జిల్లాకేంద్రములతో సంధానము నేర్పరచి, చికిత్స ముగిసిన రోగులను వారి యూళ్లకు దగ్గరనే పరామర్శించిరి. లక్నోలోని సంజయ్ గాంధీ వైద్యవిద్యాసంస్థవారు ఒరిస్సా వైద్యకళాశాలలతో నిట్లే సంబంధము పెట్టుకొనిరి. 2019లో కేంద్రప్రభుత్వము ఈసంజీవని యను ఉచిత దూరవైద్యసేవ నారంభించెను. 2020 మార్చిలో దూరవైద్యమునకు ప్రభుత్వనియమావళి వెలువడెను. దానిప్రకారము వైద్యుడు తన నమోదుసంఖ్యను చీటిపై చూపవలెను. ఈ సంఖ్య లేని చీటిని నమ్మరాదు. ఫోనులో పలుకరించి, గొలుసుమందులు పంపెదము, ముందు డబ్బు పంపుడనువారిని మొదలే నమ్మరాదు.

ఈ పద్ధతిలో నేమి సాధ్యము, ఏది అసాధ్యము అనునది తెలిసియుండవలెను. రక్తపరీక్ష మన తాలూకా పట్టణముననే చేయించి, ఫలితమును పంపి, మాత్రల మోతాదు సవరించుకొనవచ్చును. స్కాను నివేదికను చూపవచ్చును. గాయపుమచ్చను తెరపై చూపవచ్చును. భయములను, సందేహములను చెప్పుకొనవచ్చును. నయమైనవారిలో నెందరికో నిద్రపట్టనీయనిది రోగము గాదు, తిరిగి వచ్చునేమో యను బెంగ. కాని ఫోను మెడను తడవి చూడలేదు. క్రొత్తగడ్డ తగిలినను, మూడు వారములు దాటినను గొంతు బొంగురు తగ్గనిచో, మ్రింగుట కష్టమైనను, ఎముకల నొప్పి విడువకున్నను ప్రయాణము చేసి వైద్యుని యెదుట కూర్చుండవలసినదే. దూరపరామర్శ అనవసర ప్రయాణములను మాన్పుటకే గాని అవసరమైన వాటిని మాన్పుటకు గాదు.

ఇప్పుడు నేను కొంచెము అప్రియమైన సంగతి చెప్పవలసియున్నది. మన పోషకులలో నొక ఉదారుడు, వచ్చు సంవత్సరము జిల్లాజిల్లాకును శిబిరములు పెట్టి, బాధ యున్నను లేకున్నను మన యాడుబిడ్డలందరికి ఉచితముగ మెడ స్కానులు తీయింతునని వాగ్దానము చేసియున్నారు. ఆ ఔదార్యమునకు శిరసు వంచుచున్నాను. అయినను ఆ సొమ్మును ఆ విధముగ వినియోగింపవలదని సవినయముగ మనవిచేయుచున్నాను.

కారణము వినుడు. దక్షిణకొరియా దేశమున 1999 తరువాత ఆరోగ్యపరీక్షలతోపాటు స్వల్పరుసుముతో థైరాయిడ్ స్కానులు విరివిగ సాగెను. 1993తో పోల్చగా 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరని పేరు పెట్టబడినవారి సంఖ్య పదునైదు రెట్లయ్యెను. కాని ఆ వ్యాధిచే మరణించువారి సంఖ్య మారలేదు. అనగా జీవితాంతము ఏ హానియు చేయక యుండదగిన అణుమాత్రపు గడ్డలకు వేలకొలది జనుల మెడలు కోయబడెను. వారిలో కొందరు స్వరమును, కొందరు సున్నపు గ్రంథులను పోగొట్టుకొనిరి. 2014లో అచ్చటి వైద్యులే కొందరు దీనిని ఖండింపగా శస్త్రచికిత్సలు తగ్గినవి. 2017లో అమెరికా నిపుణసంఘమును, ఏ బాధయు లేనివారికి ఈ పరీక్ష వలదనియే తేల్చెను. మన బిడ్డలకు లేని భయమును మనమే కొనిపెట్టనేల? వాపు కనబడినవారిని, గొంతు మారినవారిని, వంశమున ఈ వ్యాధి యున్నవారిని పరీక్షింపుడు. తక్కిన సొమ్మును, ఇదివరకే చికిత్స పొంది మనచే మరువబడినవారికి వినియోగింపుడు.

అట్లు వినియోగించు మార్గమును తీర్మానరూపమున సభముందుంచుచున్నాను. మొదటిది: థైరాయిడు గాని, ఏ క్యాన్సరు గాని చికిత్స పొందినవారికి ఒక్కొక్కరికి చిన్న పుస్తకము నీయవలెను. అందు ఏమి కోసిరి, ఏ మందు, ఎంత మోతాదు, మరల ఎన్నడు పరీక్ష అనునవి వైద్యునిచే వ్రాయింపవలెను. రెండవది: ప్రతి తాలూకాలో ఇద్దరు చదువుకొన్న యువతీయువకులు, ఫోను వాడుక తెలియని వృద్ధులను గడువుదినమున వైద్యునితో కలిపి కూర్చుండబెట్టవలెను. వారు మందు చెప్పరాదు; పుస్తకము చూచి గడువు జ్ఞాపకముచేయుటయు, వైద్యునితో కలుపుటయు మాత్రమే వారి పని. మూడవది: పట్టణమునందలి మన వసతిగృహమున రెండు గదులు, పునఃపరీక్షకు వచ్చు రోగికిని తోడు వచ్చినవారికిని కేటాయింపవలెను. ప్రభుత్వపు ఉచితవైద్యపథకములు శస్త్రచికిత్స భారము నెంత మోసినను, రాత్రి తలదాచుకొను చోటు నీయవు. నాలుగవది: ఈ సాయము మన కులమువారికే యని గిరిగీయరాదు. ఆ గదిలో ప్రక్కింటి బీదవాడు ఒక రాత్రి పరుండిన మన సంఘగౌరవము పెరుగును గాని తరుగదు.

ఐదవది మిక్కిలి ముఖ్యము. సాయము పొందినవారి పేరును, ఛాయాచిత్రమును ఈ సంచికలో గాని, ఏ పత్రికలో గాని ప్రకటింపరాదు. దాతల పేర్లు ఎంత పెద్దయక్షరములతోనైన ముద్రింపుడు. రోగి పేరు పుస్తకమునందే యుండవలెను. మెడపై గీత యున్నదని సంబంధము తప్పిపోవునను భయముతో వాపును చీరకొంగున దాచుకొన్న కన్యలను నేను చూచితిని. దాచి దాచి, ఊపిరాడని దినమున వచ్చిరి. ఆ గీత కళంకము గాదని వరుని తల్లిదండ్రులకు చెప్పవలసిన పెద్దలు ఈ సభలోనే కూర్చుండియున్నారు. వారు చెప్పువరకు, ఆ బిడ్డల రహస్యమును కాపాడుట మన ధర్మము.

మహాశయులారా! కోఖరు తన రోగులను తిరిగి పిలిచెను. అందుచే నాటికిని నేటికిని ఎందరో రక్షింపబడిరి. నేను మా మేనత్తను పిలువలేదు. ఆమె నాలుగేండ్లు చీకటిలో గడపెను. రెంటికిని భేదము విద్యలో లేదు, ధనములో లేదు. అడుగుటలో నున్నది. సభ ముగిసి మీమీ యూళ్లకు చేరిన పిమ్మట, మీ వీధిలో మెడపై గీత గల ఇల్లాలిని, క్యాన్సరు చికిత్స పొందివచ్చిన వృద్ధుని, ఒక్కరినైన పలుకరింపుడు. మాత్ర వేసికొనుచున్నారా, మరల ఎప్పుడు చూపించుకొనవలెనని చెప్పిరి అని అడుగుడు. ఈ రెండు ప్రశ్నలకు చందా అక్కరలేదు, తీర్మానమును అక్కరలేదు.